శ్రవణభాండారపు సర్దుబాటు

సొంత సర్వరుపై వందలకొలఁది శ్రవణగ్రంథములను సమకూర్చి, కోరిన క్షణమున కోరిన అధ్యాయమును వినిపింపఁజేయు గృహస్థుని నైపుణ్యము గ్రంథాలయాధికారి విద్యకు ఏ విధమునను తీసిపోదని నా దృఢవిశ్వాసము. ఆడియోబుక్‌షెల్ఫ్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఫోల్డరు పేర్లను, ఫైలులోని వివరములను బట్టి పుస్తకమును గుర్తించును గనుక, రచయిత పేరిట ఒక ఫోల్డరు, అందు గ్రంథనామముతో మఱియొకటి యుండవలెను.

2005లో ప్రారంభమైన లిబ్రివాక్స్ అను శ్రవణగ్రంథముల వెబ్‌సైటులో జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’కు స్వచ్ఛంద పాఠకుల పఠనములు పెక్కులు గలవు, నవల యొక్కటే యైనను గొంతుకలు వేఱు గదా! అందుచే నిపుణుఁడు ఫోల్డరు పేరు చివర వంకర కుండలీకరణములలో పఠిత పేరు చేర్చి దేనికది వేఱుగా నిలుపును. అక్షరక్రమమున పేర్చు ప్లేయరు 2 కంటె ముందు 10వ అధ్యాయమును వినిపించి కథను తలక్రిందులు చేయకుండ, 61 అధ్యాయములకును 01, 02 అని సున్న చేర్చి సంఖ్య లిచ్చును. ఎవరును మెచ్చుకొనని యీ ఓర్పే నాకు మిక్కిలి గౌరవపాత్రము. ఇట్లు సర్దినపిమ్మట, రాత్రి ఫోనులో ఆపిన కథ ఉదయము కంప్యూటరులో అచ్చటనుండియే సాగును.

మీ యింట తెలుగు పఠనము లేవైన నున్నచో, చదివినవారి పేరును నేఁడే ఫైలులో వ్రాసి యుంచుఁడు.