బనియన్ల కథ రాసిన నటుడు

నటుడు కలం పట్టాడంటే ముందు తనకో వేషం రాసుకుంటాడనుకుంటాం. తప్పేం లేదు. 'శివ' (1989)కి మాటలు రాసిన తనికెళ్ల భరణి అందులో నానాజీగా మనకు గుర్తుండిపోయారు. అతుల్ కులకర్ణి మాత్రం 'లాల్ సింగ్ చడ్ఢా' (2022) స్క్రీన్‌ప్లే అంతా రాసి, తను వేషం వెయ్యలేదు.

అతుల్ మా సోలాపూర్‌లో పెరిగినవాడే. ఇక్కడి నాట్య ఆరాధన సంస్థలో నాటకాలాడి, 1995లో ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా నుంచి డిప్లొమా పట్టుకొచ్చాడు. 'హే రామ్', 'చాందినీ బార్' రెండింటికీ జాతీయ అవార్డులొచ్చాయి. తెలుగువాళ్లు 'జయం మనదేరా'లో చూసే ఉంటారు. నాకైతే 'నటరంగ్' ఇష్టం. అందులో గుణా అనే కూలీ తమాషా అనే మరాఠీ జానపద నాటక మేళం కట్టి, ఆటలు తనే రాస్తాడు. రాజు వేషం కట్టాలని కలగన్న మనిషి. మేళంలో ఆడంగిగా ఆడే నాచ్యా వేషానికి ఎవడూ ఒప్పుకోకపోతే ఆ ఆడంగి నడక తనే నేర్చుకుంటాడు. ఈ పాత్ర కోసం అతుల్ ముందు పహిల్వాన్‌లా కండలు పెంచి, తర్వాత బక్కచిక్కాడు.

ఇక బనియన్ల సంగతి. 'లాల్ సింగ్ చడ్ఢా'కి మూలమైన 'ఫారెస్ట్ గంప్'లో హీరో నేస్తం నోరు తెరిస్తే రొయ్యలే. అతుల్ ఆ రొయ్యల్ని తీసేసి చడ్డీ బనియన్లు పెట్టాడు. నేస్తాన్ని బాలరాజు అనే ఆంధ్రా కుర్రాణ్ని చేశాడు. నాగచైతన్య వేశాడు. పట్టాళంలో ఉన్నా వాడి ధ్యాసంతా బనియన్ల మీదే. కార్గిల్‌లో వాడు పోయాక హీరో లాల్ ఆ వ్యాపారం పెడతాడు. చద్దర్లు, టవళ్లు నేసే ఊళ్లో పెరిగినవాడికి ఈ ఆలోచన తట్టడంలో వింతేముంది? ఇది నా ఊహే అనుకోండి. కానీ అందులో నటుడి లెక్క ఉంది. బనియన్ గురించి ఒకడు అంత సీరియస్‌గా మాట్లాడితే హాలు నవ్వుతుంది. ఆ నవ్వించినవాడే పోతే ఎక్కువ బాధేస్తుంది.

యాస మాత్రం అతి చేశారు. తెలుగువాడు హిందీ మాట్లాడితే జోకేనా? మా సోలాపూర్ పూర్వభాగ్‌లో సాంచెల (మరమగ్గాల) దగ్గర తెలుగు, మరాఠీ, హిందీ ఒక్క వాక్యంలోనే దొర్లుతాయి. ఎవరూ నవ్వరు.

ఈ స్క్రీన్‌ప్లేని అతుల్ రెండు వారాల్లో రాసేశాడట. తెరకెక్కడానికి పదేళ్లకు పైనే పట్టింది. తీరా వచ్చాక ఆడలేదు. ఆడకపోతే ఏం, మా ఊరి నాటకశాల హుతాత్మ స్మృతి మందిర్‌లో అతను రాసిన నాటకం ఒకటి చూడాలని ఉంది. సాంచెల మధ్య జరిగే కథైతే ముందు వరుస టికెట్ నాదే.