సగం సీజన్‌లో బలాబలాల లెక్క

2025 ఆగస్టు 2న లాస్ వేగాస్ ఏసెస్ సొంతగడ్డ మీద చిత్తుగా ఓడింది. మిన్నెసోటా లింక్స్ 111, ఏసెస్ 58. అమెరికా మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 53 పాయింట్ల తేడా అంటే పరువు పోయినట్టే. అప్పటికి 44 మ్యాచ్‌ల సీజన్‌లో సగానికి పైగా అయిపోయింది. ఏసెస్ ఖాతాలో 14 గెలుపులు, 14 ఓటములు ఉన్నాయి. ఆ రాత్రి జట్ల బలాబలాలు తూచమంటే ఎవరైనా లింక్స్‌ను నెత్తిన పెట్టుకుని ఏసెస్‌ను పక్కన పడేసేవారే. మర్నాటి నుంచి ఏసెస్ మిగిలిన 16 మ్యాచ్‌లూ వరసగా గెలిచింది. అక్టోబరులో ఫైనల్లో ఫీనిక్స్ మెర్క్యురీని 4–0తో ఊడ్చేసి కప్పు పట్టుకుపోయింది. 34 గెలుపులతో లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచిన లింక్స్ సెమీస్‌లోనే ఇంటిదారి పట్టింది.

ఇలా నవ్వులపాలయ్యే ప్రమాదం ఉన్నా, సీజన్ సగంలో జట్లను తూచే అలవాటును ఆటల పేజీలు మానుకోవు. మానుకోనక్కర్లేదు కూడా. సరిగ్గా చేస్తే అదొక విద్య. పట్టికలో ఎవరు ఎక్కడున్నారో చెప్పడం దాని పని కాదు, అది పిల్లాడైనా చెబుతాడు. ఆ స్థానం ఎలా వచ్చింది, ఎంతకాలం నిలుస్తుంది అన్నది తేల్చాలి. బాస్కెట్‌బాల్ వాళ్లు ఇందుకు మంచి కొలమానమే తయారు చేసుకున్నారు. వేగంగా ఆడే జట్టుకు బంతి ఎక్కువసార్లు చేతికొస్తుంది కాబట్టి ఎక్కువ పాయింట్లు వేస్తుంది, ఎక్కువే ఇస్తుంది. అందుకని మ్యాచ్ స్కోరును వదిలేసి, బంతి వంద విడతలు చేతికొస్తే ఎన్ని పాయింట్లు వేసింది, ఎదుటివాళ్లకు వంద విడతల్లో ఎన్ని ఇచ్చింది అని చూస్తారు. ఆ రెండింటి తేడాయే జట్టు బలం.

మన దగ్గర ఈ విద్యకు పరీక్ష పెట్టేది మహిళల ప్రీమియర్ లీగ్. 2023లో మొదలైన ఈ క్రికెట్ లీగ్‌లో జట్లు ఐదే. తెలుగు రాష్ట్రాల పేరున ఒక్కటీ లేదు. అయినా అనంతపురం, కడప, ఆదోని ఊళ్లలో దీన్ని శ్రద్ధగా చూడటానికి కారణం ఉంది, దాని దగ్గరకే వద్దాం. ఒక్కో జట్టు ఆడే లీగ్ మ్యాచ్‌లు ఎనిమిది. అంటే సగం సీజన్ అంటే నాలుగే మ్యాచ్‌లు. పట్టికలో మొదటి స్థానం వస్తే నేరుగా ఫైనల్. రెండు, మూడు స్థానాల వాళ్లు ఎలిమినేటర్ ఆడాలి. నాలుగు మ్యాచ్‌ల ఆధారంతో ఎవరి సత్తా ఎంతో చెప్పాలి. డబ్ల్యూఎన్‌బీఏలో 28 మ్యాచ్‌లు చూసినవాళ్లే బోల్తా పడ్డారని మరచిపోకూడదు.

నాలుగు మ్యాచ్‌ల దగ్గర పాయింట్లు ఎలాగూ సమంగానో, ఒక గెలుపు తేడాతోనో ఉంటాయి. అందరి చూపూ నెట్ రన్ రేట్ మీద పడేది అందుకే. ఓవరుకు చేసిన పరుగుల్లోంచి ఓవరుకు ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చే అంకె అది. వినడానికి తేలిక. దాని లోపలి వంకరలు మాత్రం లెక్క వేస్తేగానీ బయటపడవు.

మొట్టమొదటి సీజన్లోవే రెండు మ్యాచ్‌లు చూడండి. ప్రారంభ మ్యాచ్‌లో ముంబై ఇండియన్స్ 207 చేసి గుజరాత్ జెయింట్స్‌ను 64కే కూల్చింది. 143 పరుగుల గెలుపు! గుజరాత్ ఆలౌటైంది కాబట్టి ఎన్ని ఓవర్లు ఆడినా 20 ఓవర్లూ ఆడినట్టే లెక్క. ముంబైది ఓవరుకు 10.35, గుజరాత్‌ది 3.20, తేడా 7.15. వారం తర్వాత అదే గుజరాత్ ఢిల్లీ క్యాపిటల్స్ మీద 20 ఓవర్లలో 9 వికెట్లకు 105 చేసింది. షెఫాలీ వర్మ 28 బంతుల్లో 76 బాదడంతో ఢిల్లీ 7.1 ఓవర్లలోనే వికెట్ పడకుండా 107 కొట్టేసింది. ఓవరుకు 14.93. అందులోంచి 5.25 తీసేస్తే తేడా 9.68. మామూలు ప్రేక్షకుడికి 143 పరుగుల గెలుపే కొండంతగా కనిపిస్తుంది. లెక్కలో మాత్రం 43 బంతుల ఛేజింగ్‌దే పైచేయి. ఆ ఏడాది ముంబై మొదటి ఐదు మ్యాచ్‌లూ గెలిచింది. చివరికి రెండు జట్లకూ 12 పాయింట్లే వచ్చాయి, రన్ రేట్‌తో ఢిల్లీ పైకెక్కి నేరుగా ఫైనల్ చేరింది. ఆ రన్ రేట్ పెరగడానికి ముంబై మీదనే తొమ్మిది ఓవర్లలో 110 కొట్టేసిన మ్యాచ్ కూడా సాయపడింది. ఫైనల్లో గెలిచింది ముంబైయే అనుకోండి.

ఈ అంకె అబద్ధం ఆడినప్పుడు ఎలా ఉంటుందో 2025 వన్డే ప్రపంచ కప్ చూపించింది. దక్షిణాఫ్రికా ఏడు మ్యాచ్‌ల్లో ఐదు గెలిచింది, అయినా దాని నెట్ రన్ రేట్ సున్నా కిందే ఉండిపోయింది. కారణం రెండే రోజులు: ఇంగ్లాండ్ మీద 69కి ఆలౌట్, ఆస్ట్రేలియా మీద 97కి ఆలౌట్. రెండుసార్లూ వాళ్ల ఇన్నింగ్స్‌ను 50 ఓవర్లుగానే లెక్కవేశారు. రన్ రేట్ చూసి ఆ జట్టును తీసిపారేసినవాళ్లు సెమీస్‌లో కంగు తిన్నారు. తమను 69కి పడగొట్టిన ఇంగ్లాండ్ మీదే దక్షిణాఫ్రికా 125 పరుగుల తేడాతో గెలిచింది. అందుకని తలపండినవాళ్లు మొత్తం అంకెను నమ్మకుండా ఒక్కో మ్యాచ్‌నూ విడదీసి చూస్తారు. అన్నిటికన్నా చెడ్డ రోజును ఒకసారి పక్కన పెట్టి మిగతాది ఎలా ఉందో పరీక్షిస్తారు.

అదే టోర్నీలో మనవాళ్లు మధ్యలో వరసగా మూడు ఓడారు. రెండు విశాఖలో, ఒకటి ఇండోర్‌లో. టీవీల్లో శోకాలు మొదలయ్యాయి. ఓడిన తేడాలు చూస్తే సంగతి వేరు: దక్షిణాఫ్రికా చేతిలో 3 వికెట్లు, ఆస్ట్రేలియా చేతిలో 3 వికెట్లు, ఇంగ్లాండ్ చేతిలో 4 పరుగులు. మూడూ చివరి ఓవర్ల దాకా లాగిన మ్యాచ్‌లే. నాలుగో స్థానంతో సెమీస్‌లోకి దూరిన ఆ జట్టే నవంబరు 2న కప్పు ఎత్తింది. అందుకే కొద్ది తేడా ఓటములను, ఘోర ఓటములను ఒక గాటన కట్టకూడదు.

ఆట ఎక్కడ జరుగుతోందన్నది మరో లెక్క. మహిళల లీగ్ ఊరూరా తిరిగే సంత లాంటిది. 2024లో మొదటి సగం బెంగళూరులో, రెండో సగం ఢిల్లీలో నడిచింది. అంటే సగం సీజన్లో వేసిన అంచనా ఏ పిచ్ మీద వేశారో ఆ పిచ్ ఇక రాదు. బెంగళూరులో ఐదు ఆడి మూడు గెలిచిన రాయల్ ఛాలెంజర్స్ ఢిల్లీ వెళ్లాక తడబడింది. ఒక మ్యాచ్‌లో ఢిల్లీ చేతిలో ఒక్క పరుగుతో ఓడింది. వారం తిరిగేసరికి అక్కడే అదే జట్టుతో ఫైనల్. మొదట బ్యాటింగ్‌కు దిగిన ఢిల్లీ ఏడు ఓవర్లకు 64 పరుగులు, ఒక్క వికెట్టూ పడలేదు. గెలుపు ఖాయమనిపించింది. ఎనిమిదో ఓవర్లో సోఫీ మోలినూ మూడు వికెట్లు తీసింది. తర్వాత శ్రేయాంక పాటిల్ నాలుగు, ఆశా శోభన రెండు. ఢిల్లీ 113కి ఆలౌట్. పడిన పది వికెట్లలో తొమ్మిది స్పిన్నర్లవే.

మరుసటేడు గాయాల వల్ల ఆ ముగ్గురూ లేరు. బెంగళూరు మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచింది, అందులో ఒకటి 200 దాటిన లక్ష్యాన్ని ఛేదించి. ఛాంపియన్ మళ్లీ ఊపు మీదుందని రాసినవాళ్లను తప్పుపట్టలేం. తర్వాత సొంత చిన్నస్వామి స్టేడియంలో ఆడిన నాలుగూ ఓడింది. నాలుగింటిలోనూ మొదట బ్యాటింగ్ చేసింది. తర్వాత రాత్రి మంచులో తడిబంతితో లక్ష్యాన్ని కాపాడుకోవాలంటే స్పిన్నర్లు గట్టిగా ఉండాలి. ఏడాది క్రితం కప్పు తెచ్చిన ముగ్గురూ బెంచ్ మీద కూడా లేరు.

సగం సీజన్ విశ్లేషణల్లో బలహీనమైన భాగం ఈ బెంచ్ దగ్గరే ఉంది. ప్రతి జట్టూ నలుగురు విదేశీయులను ఆడించవచ్చు, అసోసియేట్ దేశపు క్రీడాకారిణి ఉంటే ఐదుగురు. వాళ్లంతా ప్రపంచమెరిగిన పేర్లు, వాళ్ల అంకెలు అందరి దగ్గరా ఉంటాయి. మిగతా ఆరేడు స్థానాలు మన అమ్మాయిలవి. అందులో హర్మన్‌ప్రీత్, స్మృతి లాంటివాళ్లను తీసేస్తే మిగిలినవాళ్ల సంగతి చాలామంది విశ్లేషకులకు తెలియదు. విదేశీ తారలు అన్ని జట్లకూ ఇంచుమించు సమానంగా ఉన్నచోట తేడా తెచ్చేది ఈ తెలియని పేర్లే. వేరుశనగ చేను సగం కాలానికి ఎలా ఉందో గట్టు మీద నిలబడి ఆకు పచ్చదనం చూసి అనంతపురం రైతు చెప్పడు. ఒక మొక్క పీకి ఊడలు ఎన్ని దిగాయో చూస్తాడు.

ఆ పేర్లలో కొన్ని ఈ కరువు సీమవే. నార్పల మండలం బండ్లపల్లి పేరు దేశానికి తెలిసింది 2006 ఫిబ్రవరి 2న, ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ అక్కడే ప్రారంభించినప్పుడు. ఆ ఊరి అమ్మాయే బారెడ్డి అనూష. విసెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనంతపురంలో నడిపే క్రీడా అకాడమీలో ఆట నేర్చుకుని, 2023 జూలై 9న మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద టీ20తో భారత జట్టులో అడుగుపెట్టింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఎక్కువగా జరిగింది ఆ ట్రస్ట్ మైదానంలోనే. ఆదోని నుంచి అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద తొలి టీ20 ఆడింది, మరుసటేడు తొలి వేలంలో యూపీ వారియర్స్ ఆమెను 55 లక్షలకు కొనుక్కుంది. కడప జిల్లా నుంచి నల్లపురెడ్డి శ్రీచరణి. ముగ్గురూ ఎడమచేతి బౌలర్లే. అంజలిది పేస్, మిగతా ఇద్దరిదీ స్పిన్. సీమ నీళ్లలో ఏముందోగానీ ఇది యాదృచ్ఛికమే అయినా జట్లకు మాత్రం పనికొచ్చే యాదృచ్ఛికం.

ఎందుకంటే బ్యాటర్లలో ఎక్కువమంది కుడిచేతి వాళ్లు. ఎడమచేతి స్పిన్నర్ వేసిన బంతి వాళ్లకు మిడిల్ స్టంప్ మీద పడి బయటికి తిరుగుతుంది. లెగ్‌సైడు లాగి కొడదామని బ్యాటు అడ్డంగా తిప్పితే అంచు తగిలి కవర్స్ వైపు గాల్లో లేస్తుంది, ముందుకొస్తే స్టంపౌట్. ఆఫ్ స్పిన్నర్ బంతి లోపలికి వస్తుంది కాబట్టి లెగ్‌సైడు బౌండరీ వైపు ఊపడం తేలిక. 15 ఓవర్ల తర్వాత కూడా బంతిని గాల్లో ఎగరేసి వేయగల ఎడమచేతి స్పిన్నర్ ఒక్కరుంటే కెప్టెన్‌కు మిగతా ఓవర్లు సర్దుకోవడం సులువవుతుంది.

2025 సీజన్ సగంలో ఢిల్లీ బలం గురించి రాసినవాళ్లెవరికీ శ్రీచరణి పేరు తట్టే వీలే లేదు. 55 లక్షలకు కొన్న ఆమెను ఢిల్లీ లీగ్ చివరి దశకు గానీ తుది జట్టులోకి తీసుకోలేదు. తీసుకున్నాక ఫైనల్లోనూ ఆడించింది, ముంబై మీద రెండు వికెట్లు తీసింది. ఎనిమిది పరుగులతో ఢిల్లీ ఓడింది, వరసగా మూడో ఏడాది పట్టికలో మొదటి స్థానంలో నిలిచీ ఫైనల్లో ఓడటం. ఏప్రిల్లో శ్రీచరణి శ్రీలంక మీద తొలి వన్డే ఆడింది. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లాండ్ మీద తొలి టీ20లోనే 12 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది, ఆ సిరీస్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసింది. మన జట్టులో దీప్తి శర్మ తర్వాత అంతకన్నా ఎక్కువ ఎవరూ తీయలేదు. విశాఖలో ఆస్ట్రేలియా 331 లక్ష్యాన్ని ఛేదించిన రోజు కూడా ఆమె మూడు వికెట్లు పడగొట్టింది.

ఆ నవంబరు మెగా వేలానికి ముందు ఢిల్లీ అట్టిపెట్టుకున్న ఐదుగురిలో ఆమె లేదు. వేలంలో యూపీ వారియర్స్ పోటీకొచ్చింది. చివరికి ఢిల్లీయే కోటీ 30 లక్షలు పెట్టి ఆమెను తిరిగి తెచ్చుకుంది.