వాడన్న మాట వాడన్నట్టే

ఇటలీలోని రెజ్జో ఎమీలియా పసిపిల్లల బడుల్లో నాకు ముచ్చటేసేది టీచరమ్మ చేతిలోని నోటుపుస్తకం. 1945లో, యుద్ధం ముగియగానే, ఆ పక్కనే ఉన్న విల్లా చెల్లా ఊరివాళ్లు జర్మన్లు వదిలేసిపోయిన ట్యాంకు, లారీలు, గుర్రాలు అమ్మి, కూలిన ఇళ్ల ఇటుకలు ఏరి తమ పిల్లలకు బడి కట్టుకున్నారు. ఆ పట్టుదలలోంచి వచ్చిన పనితనమే ఈ నోటుపుస్తకం. ఒక పిల్లవాడు తన నీడను గులకరాళ్లతో కప్పేయబోతాడు. నీడ రాళ్ల మీదికెక్కి కూర్చుంటుంది. టీచరమ్మ పాఠం చెప్పదు. "ఎందుకు దాక్కోలేదంటావ్?" అని అడిగి, వాడన్న మాటను తడబాటుతో సహా రాసుకుంటుంది, ఫొటో తీస్తుంది. తర్వాత తోటి టీచరుతో కూర్చుని (తరగతికి ఇద్దరుంటారు) రేపు దీపం పెట్టాలా, తెల్లగుడ్డ కట్టాలా అని తర్జనభర్జన. ఆ కాగితాలు, ఫొటోలు గోడకెక్కుతాయి. తీసుకెళ్లడానికొచ్చిన నాన్న వాటి ముందు ఆగిపోతాడు, బిడ్డ చెయ్యి పట్టి లాగుతున్నా కదలడు.