మధ్యమ పురుష

జాషువా 'గబ్బిలం' గురించి మాటొస్తే మనం సాధారణంగా రెండు విషయాలు చెప్పి ఊరుకుంటాం. ఒకటి, అది కాళిదాసు మేఘసందేశానికి తెలుగులో పుట్టిన ఎదురుజవాబు. రెండోది, అంటరానితనం మీద పద్యంలో వచ్చిన గొప్ప నిరసన. రెండూ నిజమే. కానీ 1941లో వచ్చిన మొదటి భాగాన్ని ఈమధ్య వరసగా మూడుసార్లు చదివాక నన్ను పట్టుకున్న ప్రశ్న ఇంకొకటి. మంచిరోజులు వస్తాయనే భరోసా మీద నడిచే కావ్యం కాదది. అందులోని మనిషికి రేపు కూడా ఇవాళ్టిలాగే ఉంటుందని మనకి తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. అయినా చదివి పుస్తకం మూశాక కుంగిపోయినట్టు ఉండదు, నిలబడినట్టు ఉంటుంది. ఎందుకని?

జవాబు కోసం కావ్యం మొదటికే వెళ్ళాలి. పగలంతా కష్టపడిన అరుంధతీసుతుడు రాత్రి తన గుడిసెలో ఉన్నాడు. ఎక్కణ్ణించో ఓ గబ్బిలం లోపలికొచ్చి తిరగడం మొదలుపెడుతుంది. దాని రెక్కల గాలికి ఆ ఇంట్లో ఉన్న ఒక్క చిన్న ఆముదపు దీపం కాస్తా ఆరిపోతుంది. మామూలుగా కథల్లో ఆశ అంటే దీపం వెలగడం కదా. ఇక్కడ దీపం ఆరాక మాట మొదలవుతుంది! చీకట్లో ఆ మనిషి గబ్బిలాన్ని తిట్టడు, తోలడు. పక్షుల రాణీ అన్నంత మర్యాదగా పిలిచి, తన గోడు చెప్పుకుని, దాన్ని శివుడికి చేరవేయమంటాడు.

గబ్బిలం ఇంట్లోకి రావడం అరిష్టమని మనవాళ్ళ నమ్మకం. అది పక్షీ కాదు, పూర్తిగా మృగమూ కాదు, ఏ లెక్కలోనూ సరిగ్గా చేర్చని జీవి. కానీ పాడుబడిన గుళ్ళోకీ, బాగున్న గుళ్ళోకీ దానికి అడ్డు లేదు. మనిషైన తనకి ఉంది. గర్భగుడి కప్పుకి తలకిందులుగా వేలాడేటప్పుడు దాని నోటికి శివుడి చెవి దగ్గరగా ఉంటుందని జాషువా చేసిన ఊహ చూడండి. ఇంత వేడుకైన ఊహ ఇంత దుఃఖం మధ్య ఎలా తట్టిందా అనిపిస్తుంది. నవ్వొస్తుంది, ఆ వెంటనే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

మేఘసందేశంతో పోలిక అందరూ చేసేదే గానీ, ఒక తేడాని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. యక్షుడి శాపానికి గడువుంది. ఏడాది శాపం, అందులో ఇంక నాలుగు నెలలే మిగిలాయి. అతని సందేశంలో ఉన్నది ఓపిక. మా ఉద్యోగాల భాషలో చెప్పాలంటే డెడ్‌లైన్ తెలిసిన కష్టం. అరుంధతీసుతుడికి ఏ తేదీ లేదు. తండ్రికి లేదు, తాతకి లేదు. గడువు తెలిసినప్పుడు ఎదురుచూడటం ఎవరికైనా సాధ్యమే. గడువే లేని చోట ఇంకొకరికి కబురు పంపాలని ఎందుకనిపిస్తుంది?

నాకు తోచిన సమాధానం వ్యాకరణంలో ఉంది. నిరాశ ఎప్పుడూ ఉత్తమ పురుషలోనే మాట్లాడుతుంది. నేను, నాకు, నా బతుకు, నా వల్ల కాదు. ఆ 'నేను' దాటి 'నువ్వు' అనగలిగిన క్షణంలో, ఎదురుగా ఉన్నది గబ్బిలమే అయినా సరే, ఏదో మారుతుంది. కష్టం తగ్గదు, కానీ వాక్యానికి అవతలి కొస ఏర్పడుతుంది. 'గబ్బిలం'లో ఆశ ఉన్నది ఈ మధ్యమ పురుషలోనే అంటాను.

దీన్ని ఇంకో పుస్తకం పక్కన పెట్టి చూడొచ్చు. 'గబ్బిలం' వచ్చిన కొన్నేళ్ళకే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' వచ్చింది. సీతారామారావుకి కులం అడ్డు లేదు, గుడి తలుపులు మూసుకోలేదు. ఆస్తి ఉండేది, పోయింది. భార్య ఉంది, కూతురుంది, పని ఇప్పించగల స్నేహితులున్నారు. అరుంధతీసుతుడితో పోలిస్తే అతనికున్నది చాలా ఎక్కువ. అయినా అతని యాత్ర శ్మశానంలో ముగుస్తుంది. గోపీచంద్ ఆ నవలని, ప్రశ్నించడం నేర్పినందుకు కృతజ్ఞతగా తన తండ్రికి అంకితం చేశాడు. నవలలో సీతారామారావు కూడా ప్రశ్నలే వేస్తాడు, కాకపోతే అన్నీ తనకే. ఎదురుగా మనిషి ఉన్నా వాళ్ళ మాట చెవిలో పడేలోపే తన మనసులో వాదంగా మార్చుకుంటాడు. రామయ్య తాత లాంటివాడు దొరికినా అంతే. ఇంతమంది మధ్య ఒక్కరితో కూడా మాట్లాడని మనిషి కథ అది. తెలుగు వచనంలో ఒంటరితనాన్ని అంత కచ్చితంగా పట్టుకున్న నవలలు తక్కువ.

నవీన్ 'అంపశయ్య' (1969) కూడా ఇదే వరసలోది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి పదహారు గంటల జీవితం, అంతా అతని బుర్రలోంచే. డబ్బులేనితనం, పరువు భయం, పరీక్షల భయం. రవి చుట్టూ ఎంతమంది తిరుగుతున్నా మనకి వినిపించేది అతని లోపలి గొంతే. చదువుతుంటే ఊపిరాడదు, అది ఆ నవల గెలుపే.

హాస్టల్ అంటే గుర్తొచ్చింది. నేనుండేది ఎస్.ఆర్. నగర్‌లో. మా వీధిలో కాపురాలకన్నా హాస్టళ్ళే ఎక్కువ. కరెంటు స్తంభాల నిండా జావా, పైథాన్, డెవాప్స్ కోర్సుల కాగితాలు, ఒకదాని మీద ఒకటి. మైత్రీవనం వైపు నడిస్తే ఫుట్‌పాత్ మీద కోచింగ్ మెటీరియల్ పక్కనే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు పరిచి ఉంటాయి. యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' నుంచి ఇంగ్లీషు బెస్ట్‌సెల్లర్ల అనువాదాల దాకా. వీటిని వెక్కిరించడం సాహిత్యం చదివేవాళ్ళకి ఒక అలవాటు. నాకా సరదా లేదు. బీటెక్ రెండో ఏడాదిలో నేనూ చదివాను, పొద్దున్నే లేవడం వాటివల్లే అలవాటైంది.

కానీ మీరు అడగొచ్చు. ఆ పుస్తకాలన్నీ మధ్యమ పురుషలోనే ఉంటాయి కదా, నువ్వు చెయ్యగలవు, నువ్వు లే, నువ్వు మారు అని. మరి నీ లెక్క ప్రకారం వాటిలోనే అందరికన్నా ఎక్కువ ఆశ ఉండాలి కదా?

తేడా ఎక్కడంటే, ఆ పుస్తకాల్లో 'నువ్వు' అనేది గెలిచినవాడు, అనిపించుకునేది పడిపోయినవాడు. కిందున్నవాడికి తిరిగి మాట్లాడే వీల్లేదు, వినాలంతే. జాషువా దీన్ని తిరగేశాడు. చాప మీద పడుకున్నవాడే 'నువ్వు' అంటాడు. పని పురమాయించేది అతనే, దారి చెప్పేది అతనే. అందరి దగ్గరా ఆజ్ఞలు అందుకునే మనిషి ఆ ఒక్క రాత్రి ఇంకో ప్రాణికి మర్యాదగా ఒక పని అప్పజెప్పాడు. శ్రీశ్రీ సంగతి ఇంకోలా ఉంటుంది. ఆయన గుంపుని పిలుస్తాడు. ఆ పిలుపు రోడ్డు మీద పనిచేస్తుంది, అర్ధరాత్రి ఒక్కడే ఉన్నప్పుడు కొంచెం పెద్దగా వినిపిస్తుంది.

రాత్రి పదకొండు దాటాక మా పక్క హాస్టల్ మెట్ల మీద కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. 2022 చివర్లో లేఆఫ్‌లు మొదలయ్యాక ఆ మెట్ల మీద ముప్పై దాటినవాళ్ళు కూడా కనిపించసాగారు. ఇంటికి చేసే ఫోన్లలో వినిపించేవి దాదాపు ఒకే రకం మాటలు. తిన్నాను, బానే ఉన్నాను, ఇంటర్వ్యూ బానే చేశాను. ఉత్తమ పురుష, ఏకవచనం, పూర్ణవిరామం. ఆ తర్వాత అవతలివాళ్ళ గురించి అడగడం మొదలుపెడతారు. నీ మోకాలు ఎలా ఉంది, బోరులో నీళ్ళు పడ్డాయా, చెల్లి ఫీజు కట్టావా అని. అక్కడ గొంతు మారిపోతుంది, కాస్త ప్రాణం వస్తుంది. సాహిత్య విమర్శకి ఇది సాక్ష్యంగా పనికొస్తుందో లేదో గానీ, ఇవి వింటూ ఉండటం వల్లే నేను 'గబ్బిలం'లో సర్వనామాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

జైల్లోనూ ఇదే జరిగింది. దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైల్లో బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాసిన సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ ఆయన ఎక్కువ పేరు తెచ్చుకున్న పద్యాన్ని చూడండి, నేరుగా నిజామునే సంబోధిస్తుంది. కాగితం లేదు, పాఠకుడు లేడు, నిజాము ఆ గోడ చదవడానికి వచ్చేది లేదు. అయినా ఎదురుగా ఒక 'నువ్వు' కావాలి, శత్రువైనా సరే. పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు, అది ఇంకా పెద్ద విషయం. దాశరథి 'అగ్నిధార'ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ అంకితాన్ని నేను పుస్తకంలో మొదటి కవితగా లెక్కేసుకుంటాను.

ఇంతదాకా చెప్పింది బానే కుదిరినట్టుంది. కానీ దీనికి ఎదురు నిలిచే ఒక రచన ఉంది, దాన్ని తప్పించుకుని వెళ్ళలేను. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోతూ రాసిన ఉత్తరం. అది ఇంగ్లీషులో ఉంది, అదీ మధ్యమ పురుషలోనే ఉంది. చదివేవాళ్ళని పలకరిస్తూ మొదలవుతుంది. అంతకుముందు హాస్టల్ నుంచి బయటికి పంపేస్తే, రోహిత్, అతని స్నేహితులు క్యాంపస్‌లోనే ఆరుబయట ఉండి నిరసన చేశారు. ఆ చోటుకి వాళ్ళు పెట్టుకున్న పేరు వెలివాడ. 'గబ్బిలం' వచ్చిన డెబ్భై అయిదేళ్ళకి జాషువా పుట్టిన గుంటూరు జిల్లా నుంచే వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి అదే మాటని మళ్ళీ వాడాల్సి వచ్చింది. 'నువ్వు' అనగలిగితే చాలు, మనిషి నిలబడతాడు అని నేను కట్టుకున్న లెక్క ఇక్కడ తేలిపోతుంది. అతను మాట్లాడలేదని ఎవరూ అనలేరు. వినాల్సిన చెవులు ఏం చేశాయన్నదే ప్రశ్న.

అందుకే ఇప్పుడు 'గబ్బిలం' చదివితే నా దృష్టి అరుంధతీసుతుడి మీద కన్నా ఆ గబ్బిలం మీదే ఎక్కువ నిలుస్తోంది. అది ఒక్క మాటా మాట్లాడదు, సలహా ఇవ్వదు, ఓదార్చదు. ఆ ఇంట్లో ఉన్న కాస్త వెలుగూ దాని వల్లే పోయింది కూడా. చెప్పుకునేవాడికి విన్నదన్న నమ్మకం మాత్రం ఇస్తుంది. జాషువా కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ, సంభాషణలు చదివే పని చేశాడు. మాట రాని తెర పక్కన నిలబడి, చీకట్లో కూర్చున్న జనానికి మాట అందించడం. చీకట్లో వినే చెవి విలువ ఆ ఉద్యోగంలోనే తెలిసిందేమోనని ఊహించుకుంటాను. ఇది నా ఊహే, ఆధారం అడక్కండి.

చివరగా, కావ్యంలో దారి చెప్పే పద్యాల సంగతి. తంజావూరు నుంచి తెలుగు నేల మీదుగా ఉత్తరానికి వెళ్ళే దారిలో ఎక్కడెక్కడ ఏమున్నాయో అరుంధతీసుతుడు గబ్బిలానికి వివరంగా చెప్తాడు. నిరసన కావ్యంలో ఈ క్షేత్రాల, చరిత్రల పొగడ్త ఎందుకు, సందేశ కావ్య సంప్రదాయం కోసం పెట్టాడులే అని కొందరంటారు. నాకు మాత్రం కావ్యానికి ఊపిరి అక్కడే ఉందనిపిస్తుంది. కబురు అందుతుందో లేదో తెలియని మనిషి, కబురు మోసుకెళ్ళే ప్రాణి దారిలో మంచివేమీ చూడకుండా పోకూడదని తాపత్రయపడుతున్నాడు. తనని గడప తొక్కనివ్వని ఈ దేశం అతనికి వాకిలి వాకిలీ గుర్తుంది. గుళ్ళో పూజారి లేని వేళ చూసి చెప్పమని అడుగుతాడు. ఎన్నడూ లోపలికి వెళ్ళని మనిషికి, పూజారి లేని వేళ కూడా ఒకటుంటుందని తెలుసు.