'స్థిరత్వం' - లోహ సంక్లిష్టాల వివరణలో ఒక పారిభాషిక పదం: విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

శాస్త్ర వచనంలో పారిభాషిక పదం భావానికి హద్దు గీయాలి. నీటిలో లోహ అయాన్లు కర్బన లైగాండ్లతో ఏర్పరిచే సంక్లిష్టాలను తెలుగులో వివరించేటప్పుడు 'స్థిరత్వం' అన్న మాట ఆ పని చేయలేకపోతోంది. సంక్లిష్టం ఏర్పడటం ఎంత అనుకూలం? ఏర్పడినది ఎంతకాలం విడిపోకుండా ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలకూ అదొక్కటే సమాధానమవుతోంది. ఈ అర్థసంకరాన్ని పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. రెండు భావాలు, ఒకే పదం

'స్థిరత్వ స్థిరాంకం' సమతాస్థితికి చెందిన కొలత. నికెల్ టెట్రాసయనైడ్ సంక్లిష్టానికి దాని విలువ సుమారు 10³⁰. అయినా అందులోని సయనైడ్లు ద్రావణంలోని సయనైడ్లతో అతివేగంగా స్థానాలు మార్చుకుంటాయి. త్రిసంయోజక కోబాల్ట్ హెక్సామీన్ సంక్లిష్టం తీరు వేరు. ఆమ్ల ద్రావణంలో అది విఘటనం చెందడమే ఉష్ణగతికంగా అనుకూలం. కాని గది ఉష్ణోగ్రత వద్ద రోజుల తరబడి అలాగే ఉంటుంది. రెండింటినీ 'స్థిరం' అంటే విద్యార్థికి మాట మిగులుతుంది, భేదం మిగలదు. హెన్రీ టౌబ్ 1952 నాటి సమీక్షావ్యాసంలో ఈ భేదాన్ని స్పష్టపరిచాడు. రెండో భావానికి 'జడ' అన్న పదమూ పూర్తిగా సరిపోదు. 'జడవాయువు'తో పరిచయమున్న పాఠకుడు దాన్ని చర్యలో పాల్గొననిదిగానే గ్రహిస్తాడు. ఇక్కడ ఉద్దేశించినది చర్య నెమ్మదిగా జరగడం మాత్రమే.

3. మరుగున పడిన నీరు

'స్వేచ్ఛా లోహ అయాను' అన్న ప్రయోగం మరో పొరపాటుకు తావిస్తుంది. నీటిలో అయాను ఒంటరిగా ఉండదు. నీటి అణువులే దానికి లైగాండ్లు. కొత్త లైగాండ్ వాటిని తొలగించి చేరుతుంది. లైగాండ్ కోసం ప్రోటాన్లూ పోటీపడతాయి. కాల్షియం-ఇడిటిఎ స్థిరాంకపు సంవర్గమానం 10.7, పిహెచ్ 7 వద్ద ఆచరణలో అది సుమారు 7.4కు తగ్గుతుంది. పిహెచ్ చెప్పకుండా 'స్థిరం' అనడం అసంపూర్ణ వాక్యమే.

4. పదభేదపు ప్రయోజనం

ఎంఆర్ఐ పరీక్షల్లో వాడే గాడోలినియం సంక్లిష్టాలు ఈ భేదం ఎంత అవసరమో చూపుతాయి. విడిపడిన గాడోలినియం విషపూరితం. వలయాకార లైగాండ్ గల గాడోబ్యుట్రాల్ స్థిరాంకం, సరళ లైగాండ్ గల గాడోపెంటెటేట్ స్థిరాంకం కంటే కొంచెం తక్కువే. అయినా లోహాన్ని చాలా నెమ్మదిగా విడిచేది గాడోబ్యుట్రాలే. మెదడులో గాడోలినియం నిలిచిపోతోందన్న ఆధారాలతో 2017లో ఐరోపా ఔషధ సంస్థ రక్తనాళాల్లోకి ఎక్కించే సరళ రకాలలో పలువాటిని నిలిపివేయాలని సూచించింది, గాడోబ్యుట్రాల్‌ను కొనసాగించింది. స్థిరాంకం ఒక్కటే చూసిన పాఠకుడికి ఈ నిర్ణయం అర్థం కాదు.

5. ముగింపు

ఈ లోపం తెలుగుకే పరిమితం కాదు. ఆంగ్లంలోనూ ఈ అర్థాలు వ్యవహారంలో కలిసిపోతాయి. అయితే పదాలను కల్పించుకునే దశలోనే వాటిని వేరుచేసే అవకాశం తెలుగుకు ఉంది. 'స్థిరత్వం' అన్న మాటను సమతాస్థితికే పరిమితం చేసి, వేగభేదానికి 'శీఘ్రవినిమయ', 'మందవినిమయ' సంక్లిష్టాలు అని వ్యవహరించవచ్చు. ఇవి కొంత దీర్ఘమైన సమాసాలే. అయినా దేన్ని కొలుస్తున్నామో ఆ పదమే చెబుతుంది.