నంజుడు తెలిస్తేనే కల్లు తెలిసినట్టు

పోయిన మాఘంలో జనగామ పక్కన మా ఊళ్లో, పొలంలో తాటిచెట్ల కింద నలుగురు దోస్తులం విందుకు కూర్చున్నాం. ఒకడు పట్నం నుంచి ద్రాక్ష వైన్ సీసా తెచ్చాడు. గ్లాసు తిప్పి, వాసన చూసి, దీనికి ఏ మాంసం కుదురుతుందో ఏది కుదరదో చెప్పుకుంటూ పోయాడు. తెలిసినవాడే, తప్పు పట్టను. మా గౌడ్ తాత అంతా ఓపిగ్గా విన్నాడు. తాటి రేక మడిచి వాడి చేతులకిచ్చి లొట్టి వంచాడు. "గిది ఇప్పుడె దించిన బిడ్డా. గుడాలతోటి తాగు. బోటి ముట్టకు, దానికి పొద్దుగాలటి కల్లు ఆపిన" అన్నాడు.

వాడు వినలేదు. తియ్యటి కల్లు మీద బోటి ముక్క వేసుకున్నాడు. నోట్లో కల్లు నీళ్లయిపోయింది, బోటి నీచు ఒక్కటే మిగిలింది. మొహం చూసి తాత నవ్వాడు. "చెప్పిన కద కొడుకా!"

ఏ తాగుడుకి ఏ తిండి అన్న విద్య సీసాలతో పాటు దిగుమతి అయిందని అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మనకు నంజుడు అనే మాట ఉంది. పచ్చడి నంజుకుంటాం, ఉల్లిపాయ నంజుకుంటాం, కల్లులోకి మాంసం నంజుకుంటాం. ఒక గుటక, ఒక ముక్క, మళ్లీ గుటక. ఒకదాని రుచి ఇంకోదాన్ని లేపాలి. లేపకపోతే అది ఒట్టి తిండి, ఒట్టి తాగుడు.

ఆ రాత్రి తాత వడ్డించిన వరస చూడండి. మొదట అప్పుడే దించిన కల్లు. బియ్యం కడిగిన నీళ్ల రంగు, తేనె వాసన, నాలుక మీద సన్నగా చిటపట. దీనికి ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేసి తాలింపు పెట్టిన బబ్బెర గుడాలు. కారం మంటను తీపి చల్లారుస్తుంది, ఉప్పు ఆ తీపిని నిలబెడుతుంది. రెండోది పగటాల దించింది. తీపి సగానికి తగ్గి, పొంగు మీద ఉంటుంది. దీనికి చెరువు చేపల వేపుడు. ఆ పొంగు నూనె జిడ్డును నాలుక మీద నుంచి ఊడ్చేస్తుంది. చివరిది పొద్దున దించి సాయంత్రం దాకా ఆపిన పుల్లకల్లు. దీనికే బోటి, తలకాయ కూర. కొవ్వు మీద నిమ్మకాయ పిండితే ఎంత పని చేస్తుందో ఆ పులుపు అంత పనీ చేస్తుంది. నడుమ నడుమ నాలుక కడుక్కోవడానికి ఉత్త జొన్నరొట్టె. పచ్చిపులుసు మాత్రం ఆ రోజు పొయ్యి దగ్గరికే రానివ్వలేదు. పులుపుకి పులుపు పోటీ పడితే రెండూ ఓడిపోతాయి.

ఈ మూడూ ఒకే తోపు కల్లు. తేడా అంతా గంటలదే. చెట్టు నుంచి కారేటప్పుడు అది చక్కెర నీరే. లొట్టిలో ఉండే ఈస్ట్ దాన్ని తగులుకుంటుంది, ఆ తర్వాత పులుపు సూక్ష్మజీవులు చేరతాయి. లొట్టి లోపల సున్నం పూస్తే పొంగు ఆగి నీరాగా మిగులుతుంది. వదిలేస్తే మర్నాటికి సిర్కా దారి పడుతుంది. అందుకే కల్లుకి పాతకాలపు సరుకు అంటూ ఉండదు, పూటే దాని వయసు.

చెట్టును బట్టి కూడా రుచి మారుతుంది. చలికాలం ఈతది, మాఘం నుంచి ఎండాకాలం దాకా తాటిది. ఏజెన్సీలో జీలుగ కల్లుకి ప్రాణమిచ్చేవాళ్లున్నారు. ఈత కల్లు మెత్తన, కొత్తవాళ్లకు ఇష్టం. నేను మాత్రం పోతుతాటి పక్షం. ఆ గాటు ముందు మిగతావన్నీ పిల్లల సరదా! కోపమొస్తే రండి, మా తాత లొట్టి దగ్గరే తేల్చుకుందాం.

ఆ చేతిపని దగ్గరుండి చూడాలి. మోకు, ముత్తాదు, నడుముకు కత్తులు. అరవై అడుగుల తాడి మీద మోకుకు వీపు ఆనించి, రెండు చేతులూ వదిలేసి తాత గెల గీస్తాడు. ఉల్లిపొర మందాన ఒక్క కోత. అంతకన్నా మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, పలచనైతే గాయం మూసుకుని ధార ఆగుతుంది. ఈతచెట్టుకైతే మొవ్వు కింద చెక్కుతారు. కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు గాయం ఆరనిస్తారు. ఈ ఏడు ఒకవైపు, వచ్చే ఏడు రెండోవైపు. అందుకే ముసలి ఈతచెట్టు మెట్లు మెట్లుగా వంకర తిరిగి ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలిసిపోతుంది. తాత చెట్టుకి చెయ్యి ఆనించి, "దీన్ని మా నాయిన మొదలువెట్టిండు" అంటాడు. రేక పట్టే ముందు నాలుగు చుక్కలు నేల మీద శాక పోయడం ఆయన ఎన్నడూ మరవలేదు. గౌడన్నలు కొలిచే కాటమయ్యకూ ఎల్లమ్మకూ పోశాకే మనకు.

కులవృత్తి అని తేలిగ్గా అనేవాళ్లకు మా పక్కనే ఉన్న ఖిలాషాపూర్ కోట చూపిస్తాను. అది పాపన్న కోట. కల్లు గీసే ఇంట పుట్టిన సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లు మీదే పడి మొగల్ అధికారులకు నిద్ర లేకుండా చేశాడు.

మరి ఇప్పుడు? 2014లో తెలంగాణ వచ్చాక హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మళ్లీ తెరిచారు. సంతోషించాం. కానీ తాడి లేని, ఈత లేని బస్తీలో పొద్దంతా సీసాలకు సీసాలు ఎక్కడి నుంచి పారుతున్నాయి? ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్: నిద్రమందులు నీళ్లలో కలిపి, శాకరిన్ వేసి దానికి కల్లు అని పేరు పెట్టారు. 2015లో అధికారులు ఒక్కసారి గట్టిగా పట్టేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ మత్తు అందక వందల మంది వింతగా ప్రవర్తిస్తూ ఆస్పత్రులకు చేరారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు ఆ కల్తీ ప్రాణాలే తీసింది. చెట్టెక్కి గీసి దించినవాడికి ఆ పొడి ఎందుకు? చెట్టు మొహం చూడని వ్యాపారి పాపానికి ఊరి గౌడన్న తల వంచుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకో మాట చెబితే తాగేవాళ్లకు నచ్చదు. ఆ కల్తీకి దారి ఇచ్చింది మన నాలుకే. రుచి అడగడం మానేసి మత్తు అడిగాం, వాళ్లు మత్తే పోశారు. అసలు కల్లు పొద్దున ఒక మాట, మాపు ఒక మాట చెబుతుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే తీపిగా ఉందంటే అది చెట్టుది కాదు. నంజుడు తెలిసిన నాలుకకు ఈ సంగతి రెండో గుటకకే దొరుకుతుంది.

తాళ్లు పోతున్నాయి. ప్లాట్లకు కొట్టేసే చెట్టుకి బదులు ఇవాళ గింజ పాతినా అది గీతకు రావడానికి పది పదిహేనేళ్లు పైమాటే. 2024లో కాటమయ్య రక్ష పేరుతో చెట్టెక్కేవాళ్లకు కిట్లు ఇచ్చారు, మంచిదే. పడిపోయినవాళ్ల ఇళ్లు తెలిసినవాణ్ని కనుక ఎప్పుడో ఇవ్వాల్సిందంటాను. కానీ ఆ కిట్టు కట్టుకుని ఎక్కడానికి చెట్టుండాలి, ఎక్కే పిల్లవాడికి గిరాకీ ఉండాలి.

అది మన చేతిలో పని. దోస్తులతో విందు అనుకున్నప్పుడు గుడాలు, చేపలు, బోటి మీరు మోసుకుని చెట్టు దగ్గరికి పొండి. మితంగా తాగండి, వరసగా తాగండి. పట్నంలోనే తాగాల్సి వస్తే ముంత అందుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఏ చెట్టుది? ఎప్పుడు దించారు? జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.