గొలుసు ఎటు సాగుతోంది?

నాలుగేళ్ళ కిందట ఒక డయాస్పోరా కథల పుస్తకం మీద రాస్తూ, "ఈ పాత్రలకి లంగరు లేదు" అన్నాను. అప్పట్లో నాకు తెగ నచ్చిన వాక్యం అది. కొందరు షేర్ కూడా చేశారు. రచయిత్రి మాత్రం ఏమీ అనలేదు. ఆ పుస్తకం పేరు ఇప్పుడు చెప్పను, ఒకసారి బాధపెట్టింది చాలు. అసలు విషయం ఏంటంటే, ఆ మాట రాసేనాటికి నేను లంగరుని సినిమాల్లో తప్ప చూసి ఎరగను.

పోయినేడు ఆగస్టులో చూశాను. సిడ్నీ ఆఫీసు నుంచి నలుగురం కలిసి క్వీన్స్‌లాండ్‌లోని విట్‌సండే దీవుల్లో ఒక తెరచాప పడవ అద్దెకి తీసుకున్నాం. కెప్టెన్ ఉండడు, పడవ మాత్రమే ఇస్తారు. అక్కడ దానికి లైసెన్సు కూడా అడగరు. కాసేపు పాఠం చెప్పి, చేతికి ఇచ్చేస్తారు. హుక్ ఐలాండ్ ఉత్తరపు ఒడ్డున ఒక చిన్న బేలో సాయంత్రం ఆగాలి. ఆ నెలల్లో గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది కాబట్టి దీవే అడ్డం నిలుస్తుంది. లోపల ఒడ్డు వెంబడి పగడపు దిబ్బ. దాని మీద ఇనుము పడకుండా తెల్లటి పిరమిడ్ ఆకారపు బోయాలు వరసగా తేలుతుంటాయి. వాటికీ ఒడ్డుకీ మధ్య లంగరు వేయకూడదు. నీళ్ళలో లేతగా కనిపిస్తే ఇసక, ముదురుగా కనిపిస్తే పగడం. ఎండ నెత్తిమీద ఉన్నప్పుడే ఆ తేడా బాగా తెలుస్తుంది. మేం చేరేసరికి పొద్దు వాలింది. అది మా మొదటి తప్పు.

రెండో తప్పు నాది. నీళ్ళు ఆరు మీటర్లే కదా అని ఇరవై మీటర్ల గొలుసు వదిలి, పని అయిపోయిందనుకున్నాను. పావుగంటలో పడవ మెల్లగా వెనక్కి జారడం మొదలైంది. ఒడ్డున ఒక చెట్టుకీ దాని వెనక రాయికీ మధ్య గీత కలిపి చూస్తున్న మిత్రుడు ముందు గమనించాడు. రెండూ విడిపోతున్నాయి అన్నాడు. అంతా పైకి లాగి మళ్ళీ లెక్క వేశాం. ఆరు మీటర్ల లోతు, రాత్రికి పోటు వల్ల పెరిగే మూడు మీటర్లు, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు ఒకటి. మొత్తం పది. దానికి అయిదు రెట్లు, యాభై మీటర్లు. తొమ్మిది టన్నుల పడవని ఇరవై కిలోల ఇనుము ఆపుతోందంటే బరువుతో కాదు. గొలుసు అడుగున పడుకుని, లాగుడు అడ్డంగా ఉండాలి. అప్పుడే లంగరు మొన ఇసకలోకి దిగుతుంది. గొలుసు పొట్టిదైతే లాగుడు పైకి వస్తుంది, లంగరు ఊడిపోతుంది. అంటే వదులు తక్కువైతే పట్టు పోతుంది.

ఆ రాత్రి ఫోన్లో జీపీఎస్ అలారం పెట్టుకుని పడుకున్నాం. స్క్రీన్ మీద పడవ చుక్క గంటగంటకీ ఎక్కడెక్కడికో పోతోంది. గాలి మారితే ఒకవైపు, పోటు మారితే ఇంకోవైపు. తెల్లారేసరికి ఆ గీతలన్నీ కలిసి ఒక పెద్ద వంకర చాపం అయ్యాయి. పడవ రాత్రంతా కదులుతూనే ఉంది, ఎక్కడికీ పోలేదు.

తిరిగొచ్చాక జోసెఫ్ కాన్రాడ్ 'ది మిర్రర్ ఆఫ్ ది సీ' చదివాను. 1906లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకం. పోలిష్ కుటుంబంలో పుట్టి, ఓడల్లో సుమారు ఇరవై ఏళ్ళు పనిచేసి, పెద్దయ్యాక నేర్చుకున్న ఇంగ్లిష్‌లో రాసిన మనిషి. అందులో లంగర్ల మీద కొన్ని పేజీలున్నాయి, నిజానికి అవి సాహిత్య విమర్శే. లంగరుని 'విసిరారు' అని రాసే పత్రికల వాళ్ళ మీద ఆయనకి ఒళ్ళుమంట. ఏ నావికుడూ లంగరు విసరడు, వదులుతాడు అంటాడు. ఒక పనిముట్టు పేరుతో చులకనగా ఆడుకోవడం భాష పట్ల నేరం అన్నంత పట్టుదల.

కాన్రాడ్ ఫిర్యాదు తెలుగుకి నేరుగా అతకదు. మన 'వేయడం' పాపం అన్నిటికీ పనికొచ్చే క్రియ. నారు వేస్తాం, తలుపు వేస్తాం, ఓటు వేస్తాం, లంగరూ వేస్తాం. మన దగ్గర తప్పు క్రియలో లేదు, నామవాచకంలో ఉంది. ఫారసీ నుంచి వచ్చిన ఈ మాటని కవిత్వంలోనూ సమీక్షల్లోనూ మనం 'వేరు' అనే అర్థంలో వాడేస్తున్నాం. కదలకుండా పాతుకుపోవడం, స్థిరపడటం, సొంత మట్టి. నేను రాసింది కూడా అదే.

ఇది ఒడ్డున నిలబడి చూసేవాళ్ళ లంగరు అని నా అనుమానం. మా ఊరు కూచిపూడి. పక్కనే ఘంటసాల, టోలమీ కాలం నుంచీ పేరున్న పాత రేవు. బందరు ముప్పై కిలోమీటర్ల లోపే. సముద్రం మాకు పరాయిది కాదు. కానీ బందరు తీరంలో ఓడని కాపాడే పగడపు దిబ్బ లేదు, లోతైన బే లేదు. 1611లో ఇంగ్లిష్ వాళ్ళ 'గ్లోబ్' వచ్చినప్పుడైనా, ఆ తర్వాతైనా పెద్ద ఓడలు దూరంగా బయటే లంగరేసేవి. కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసులా పడవలు సరుకునీ మనుషులనీ అలలు దాటించేవి. ఒడ్డు మీదివాళ్ళకి కనిపించేది నిలబడ్డ ఓడ. దాని కింద గొలుసు ఎంత సాగిందో పడవవాళ్ళకి తెలుసు, వాళ్ళేమో కవిత్వం అచ్చు వేయించుకోలేదు.

ఒడ్డున కూడా ఇంకో పోలిక దొరికి ఉండేది. మా ఊళ్ళో పెరిగినవాడు ఇత్తడి పళ్ళెం అంచు మీద తరంగం ఆడటం చూడకుండా ఉండడు. తరంగం అంటే అల అని ఎవరూ మాకు విడమరిచి చెప్పలేదు. కాలివేళ్ళు అంచుని పట్టుకునే ఉంటాయి, పళ్ళెం ముందుకి నడుస్తూనే ఉంటుంది. పోలిక పూర్తిగా కుదరదు, ఇసకా పళ్ళెమూ ఒకటి కాదు. కానీ పట్టు వేరు, కదలకపోవడం వేరు అన్న సంగతి చిన్నప్పుడే నా కళ్ళముందు ఉంది.

కాన్రాడ్ ఇంకో సంగతి చెప్తాడు. గొలుసు ఓడ ముక్కు నుంచి నీళ్ళలోకి ఏ దిక్కుగా పోతోందో తెలుసుకోడానికి, అది ఎటు 'పెరుగుతోంది' అని నావికులు అడుగుతారట. ఆ మాటే సరైనదని ఆయన పట్టుబడతాడు. తెలుగులో అయితే నేను 'సాగుతోంది' అంటాను. తాడు సాగుతుంది, మాట సాగుతుంది, మా దగ్గర పొలమూ సాగులోనే ఉంటుంది.

ఇప్పుడు ఆ పుస్తకానికి వస్తాను. అందులో ఒక కథలో డాలస్‌లో ఉండే ఆమె ప్రతి ఆదివారం అమ్మకి ఫోన్ చేస్తుంది. ప్రతిసారీ, "కాలవకి నీళ్ళొదిలారా?" అని అడుగుతుంది. పొలం అమ్మేసి ఆరేళ్ళయింది. అమ్మ కూడా ఆ సంగతి గుర్తుచేయకుండా వదిలారనో లేదనో చెప్తుంది. నేను దీన్ని అక్కడా లేని ఇక్కడా లేని తనానికి గుర్తుగా చదివాను. ఆమె ఉద్యోగాలు మారడం, ఊళ్ళు మారడం, పెళ్ళి విషయంలో ఊగడం అన్నీ లంగరు లేకపోవడమే అన్నాను. తప్పు చదివాను. ఆ ఆదివారపు ప్రశ్నే గొలుసు. అది అంత పొడుగు సాగింది కాబట్టే ఆమె అంత తిరగగలుగుతోంది. కథలో ప్రతి కదలికా ఆ ఒక్క ఫోన్ చుట్టూనే ఉంది, కథకురాలు దాన్ని ఎక్కడా వివరించలేదు. ఆ నిగ్రహాన్ని నేను లోపం అన్నాను.

కథలో లోపం లేదని కాదు. అది చివరి పేజీలో ఉంది. ఆమె ఉన్నట్టుండి అన్నీ వదిలి ఊరొచ్చి, కాలవ గట్టున చెప్పులు విడిచి నిలబడుతుంది. అంతవరకూ గొలుసుని నమ్మిన రచయిత్రి అక్కడ వేరు కోసం వెతుక్కుంది. బహుశా నాలాంటి సమీక్షకుల కోసం. ఫోన్ పెట్టేసిన చోట ఆగితే బావుండేది. నాలుగేళ్ళ కిందటి నా సమీక్షలో నేను మెచ్చుకున్నది ఆ ఒక్క పేజీనే.